4కె టీవీలో పిన్‌బాల్: కౌంటర్ 60 చూపిస్తోంది, బంతి మాత్రం తడబడుతోంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలా?

ప్లంజర్_నాచారం

అందరికీ నమస్తే. పీసీలో పిన్‌బాల్ ఆడించే ప్రోగ్రాము విజువల్ పిన్‌బాల్ ఎక్స్ 10.8తో నా క్యాబినెట్ నడుస్తోంది. వివరాలు ముందే రాస్తున్నా, మళ్లీ అడగాల్సిన పని లేకుండా.

రైజెన్ 5 5600, బి450 బోర్డు, 16 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్కు), జీటీఎక్స్ 1660 సూపర్ 6 జీబీ, విండోస్ 11. బంతి తిరిగే ప్లేఫీల్డ్‌కి 43 అంగుళాల 4కె టీవీ. బ్యాక్‌గ్లాస్‌కి (ఎదురుగా నిలబడి ఉండే బొమ్మ పలక) 24 అంగుళాల 75 హెర్ట్జ్ మానిటర్, డీఎండీ (స్కోరు చూపే చుక్కల తెర) కూడా దాని మీదే కింది భాగంలో. అంతా ప్లైవుడ్ పెట్టెలో. ఫ్లిప్పర్ దెబ్బ చేతికి తెలియడానికి రెండు 24 వోల్టుల కాంటాక్టర్లు (కాయిల్‌తో టక్కున కొట్టుకునే పెద్ద స్విచ్‌లు) ఉన్నాయి.

ఇబ్బందులు ఇవి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) 60 దగ్గర కదలకుండా ఉంటుంది, కానీ బంతి ఆర్బిట్‌లో (టేబుల్ చుట్టూ తిప్పే దారి) వేగంగా తిరిగేటప్పుడు మధ్యమధ్యలో ఎగిరిపడినట్టు కనిపిస్తుంది. మల్టీబాల్ (ఒకేసారి చాలా బంతులు) మొదలవగానే శబ్దం చిటపటలాడుతుంది. ఈ మధ్య వస్తున్న బేక్డ్ లైటింగ్ (వెలుగునీడలు ముందే లెక్కగట్టి బొమ్మల్లో కలిపేసిన) టేబుల్స్ కొన్ని 32 బిట్ ప్రోగ్రాములో లోడ్ అవుతూనే మూసుకుపోతాయి. 64 బిట్‌లో తెరుచుకుంటాయి గానీ జీఐ లైట్లు (టేబుల్ మొత్తానికి వెలుగిచ్చేవి) మారినప్పుడల్లా క్షణం పాటు గడ్డకడతాయి. మధ్యాహ్నం పూట అరగంట ఆడితే అన్నీ ఇంకా ముదురుతాయి.

సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఆర్‌టీఎక్స్ 4060 కార్డు చూశాను. అది వేస్తే ఇవన్నీ పోతాయా, లేక సెట్టింగుల్లోనే ఏమైనా ఉందా?

డాట్‌మ్యాట్రిక్స్128

కార్డు కొనే ముందు ఆగండి. మీరు చెప్పినవి నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. కొత్త కార్డుతో వాటిలో ఒకటే తగ్గుతుంది.

పిన్‌బాల్‌లో పని మూడు చోట్ల జరుగుతుంది. బొమ్మ గీసేది జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు. బంతి ఫిజిక్స్, టేబుల్ స్క్రిప్టు, ఏ ఫ్రేములో ఏం గీయాలో జీపీయూకి అందించే పని, ఇవి చాలామటుకు సీపీయూలో ఒకే థ్రెడ్ మీద నడుస్తాయి. అసలు మెషీన్ రోమ్‌ను (దాని చిప్‌లోని ప్రోగ్రాము) నడిపే వీపిన్‌మేమ్ అనే ఎమ్యులేటర్ దాని సొంత థ్రెడ్‌లో ఉంటుంది, అదీ సీపీయూనే. ఫిజిక్స్ సెకనుకు 1000 సార్లు లెక్క వేస్తుంది. ఒక ఫ్రేము 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, తర్వాతి ఫ్రేముకి ముందు 50 లెక్కలు ఒక్కసారిగా పూర్తిచేయాలి. అప్పుడు ఆ ఫ్రేము కూడా ఆలస్యమవుతుంది. మీకు కనిపించే ఎగురుడు ఇలా పుడుతుంది. ఎఫ్‌పీఎస్ కౌంటర్‌లో చూపేది సెకను సగటు కాబట్టి 59 ఫ్రేములు సరిగ్గా వచ్చి ఒకటి తప్పినా అంకె పెద్దగా కదలదు.

అందుకే ముందు దోషి ఎక్కడో విడదీయాలి. ఈ వరసలోనే చేయండి, వరస మారితే ఫలితం అర్థం కాదు.

మొదట టేబుల్ నడుస్తుండగా ఎఫ్11 నొక్కండి. అందులో ఎఫ్‌పీఎస్ వదిలేసి ఓవరాల్, ఫిజిక్స్, స్క్రిప్ట్స్ వరసలు చూడండి. ప్రతిదానికీ సగటు పక్కనే గరిష్ఠం ఉంటుంది. మీకు కావాల్సింది ఆ గరిష్ఠమే. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేముకి మీ దగ్గరున్న సమయం 16.7 మిల్లీసెకన్లు. స్క్రిప్ట్స్ గరిష్ఠం 10 దాటితే సీపీయూ వైపు వెతకాలి.

రెండోది, వీడియో ఆప్షన్స్‌లో 4కె తీసేసి 1920 బై 1080 పెట్టండి. గీయాల్సిన పిక్సెళ్లు 83 లక్షల నుంచి 21 లక్షలకు పడిపోతాయి. అయినా బంతి అలాగే తడబడితే మీ కార్డు నిర్దోషి.

మూడోది అందరూ మరిచిపోయే పరీక్ష. రోమ్ అవసరం లేని ఎలక్ట్రోమెకానికల్ టేబుల్ ఒకటి ఆడి చూడండి. 1975 నాటి గాట్లీబ్ ఫాస్ట్ డ్రా లాంటిది. అందులో వీపిన్‌మేమ్ అసలు లేవదు, డీఎండీ ఉండదు. అది వెన్నలా సాగి, 1997 నాటి మెడీవల్ మ్యాడ్‌నెస్ మాత్రం తడబడితే, తేడా ఎమ్యులేషన్‌లోనో దాని చుట్టూ ఉన్న డీఎండీ, బ్యాక్‌గ్లాస్ సరంజామాలోనో ఉన్నట్టు.

ఈ మూడూ చేసి ఫలితాలు ఇక్కడ పెట్టండి. ఒక్క మాట ఇప్పుడే చెప్పేస్తా: ర్యామ్ ఒకటే స్టిక్కు అన్నారు. రైజెన్‌కి అది నష్టం. సింగిల్ చానల్‌లో మెమరీ బ్యాండ్‌విడ్త్ సగానికి సగం. రెండు 8 జీబీ స్టిక్కులు తీసుకుని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసి 3200కి వచ్చిందో లేదో టాస్క్ మేనేజర్‌లో చూసుకోండి. చాలా పీసీల్లో 3200 స్టిక్కు పెట్టి 2400 దగ్గరే వదిలేస్తారు.

మల్కాజిగిరి_ఫ్లిప్పర్

అన్నా, కార్డు జోలికి పోకముందు టీవీని చూడుండ్రి. సగం లొల్లి ఆడనే ఉంటది.

విండోస్ సెట్టింగ్స్‌ల సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేట్ ఎంతుందో చూపిస్తది. 30 హెర్ట్జ్ అని ఉంటే మీ హెచ్‌డీఎంఐ కేబులో, టీవీ వెనక మీరు పెట్టిన పోర్టో పాత 1.4 రకం. 4కె 60కి హెచ్‌డీఎంఐ 2.0 కావాలె. 4కె 120కి 2.1 కావాలె, అది టీవీల ఉండాలె, కార్డుల ఉండాలె, కేబుల్ కూడా గట్లదే కావాలె. మీ 1660 సూపర్‌ల 2.0నే ఉంది. కొన్ని టీవీలల్ల అన్ని పోర్టులు ఒకటి కాదు, ఒక్కటే పూర్తి వేగం ఇస్తది. ఇంకొన్నిట్ల టీవీ మెనూలకు పోయి ఆ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ మోడ్ ఆన్ చేస్తెనే 60 వస్తది.

టీవీల గేమ్ మోడ్ పెట్టుండ్రి. మోషన్ స్మూతింగ్ ఏ పేరుతో ఉన్నా ఆపేయుండ్రి. అది రెండు ఫ్రేముల నడుమ లేని బొమ్మను తయారు చేస్తది, దానికోసం ఫ్రేములను ఆపి ఉంచుకుంటది. ఫ్లిప్పర్ నొక్కినంక లేటుగ లేస్తున్నదంటే మొదటి అనుమానం గిదే. ఓవర్‌స్కాన్ కూడా తీసేయుండ్రి. లేకుంటే టీవీ బొమ్మను కొద్దిగ సాగదీస్తది, ఇన్‌లేన్ అంచులు మసకైతయి.

ఇంకోటి, మీ దగ్గర ఒకటి 60, ఒకటి 75 హెర్ట్జ్. బ్యాక్‌గ్లాస్ మానిటర్‌ను కూడా 60కి దించుండ్రి. విండోస్ ఇప్పుడు రెండు వేగాలను బాగనే సంభాళిస్తది కానీ, రెండో స్క్రీన్ మీద వీడియో గానీ డీఎండీ గానీ కదులుతుంటే ప్లేఫీల్డ్ ఫ్రేములు జారుతయి. ఖర్చు లేని పని, నిమిషంల అయితది.

ప్లంజర్_నాచారం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫలితాలు:

టీవీ 60 దగ్గరే ఉంది (59.94 అని చూపిస్తోంది). మానిటర్ 60కి దించాను, కొంచెం మెరుగు. 1080కి దించినా మెడీవల్ మ్యాడ్‌నెస్‌లో తడబాటు అలాగే ఉంది. ఫాస్ట్ డ్రా మాత్రం 4కెలో కూడా నున్నగా సాగుతోంది. స్క్రిప్ట్స్ సగటు 2 మిల్లీసెకన్లు, గరిష్ఠం మాత్రం 20 పైకి ఎగురుతోంది, అదీ జాక్‌పాట్ లైట్లు వెలిగి బ్యాక్‌గ్లాస్ మెరిసేటప్పుడే. బేక్డ్ టేబుల్‌లో గడ్డకట్టేది మాత్రం 1080లోనూ పోలేదు.

డాట్‌మ్యాట్రిక్స్128

అయితే దారి దొరికింది. ఒక్కొక్కటిగా చూద్దాం.

రోమ్ ఎమ్యులేషన్ బరువని చాలామంది అనుకుంటారు. మెడీవల్ మ్యాడ్‌నెస్ లాంటివాటిలోని విలియమ్స్ డబ్ల్యూపీసీ బోర్డులో ఉన్నది 2 మెగాహెర్ట్జ్ మోటరోలా 6809. డీఎండీ 128 బై 32, అంటే 4096 చుక్కలు. దాన్ని నడపడం మీ రైజెన్‌కి లెక్కలోకి రాని పని. డీసీఎస్ అనే డిజిటల్ శబ్ద వ్యవస్థ ఉన్న టేబుల్స్‌లో ఏడీఎస్‌పీ 2105 చిప్‌ను కూడా నడపాలి, అది కాస్త ఎక్కువ. స్టెర్న్ కంపెనీ సామ్ బోర్డు టేబుల్స్‌లో ఆర్మ్ ప్రాసెసర్ ఉంటుంది, ఇంకాస్త ఎక్కువ. అయినా ఏదీ 5600ని అలసిపోయేలా చేయదు. బరువంతా ఎమ్యులేటర్ నుంచి వచ్చిన సమాచారాన్ని తెర మీద చూపించేవాటిది: దీపాలు, సోలనాయిడ్లు (ఫ్లిప్పర్ల లాంటివాటిని కదిపే కాయిళ్లు), డీఎండీ ఫ్రేములు. మీ గరిష్ఠం బ్యాక్‌గ్లాస్ మెరిసినప్పుడే ఎగురుతోందంటే బ్యాక్‌గ్లాస్‌ను చూపే ప్రోగ్రాము బీ2ఎస్ సర్వర్ దగ్గర మొదలుపెట్టాలి.

టేబుల్ నడుస్తుండగా బ్యాక్‌గ్లాస్ బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కండి, సెట్టింగులు తెరుచుకుంటాయి. అందులో స్టాండర్డ్ మోడ్ బదులు ఈఎక్స్ఈ మోడ్ ఎంచుకోండి. స్టాండర్డ్‌లో బ్యాక్‌గ్లాస్ గీసే పని ఆట నడిచే ప్రాసెస్‌లోనే జరుగుతుంది. పెద్ద బొమ్మ మెరిసిన ప్రతిసారీ స్క్రిప్టు దాని కోసం ఆగుతుంది, స్క్రిప్టు ఆగితే ఫిజిక్స్ ఆగుతుంది. ఈఎక్స్ఈ మోడ్‌లో అది విడి ప్రాసెస్. అదే కిటికీలో స్కిప్ ఫ్రేమ్స్ అని ల్యాంప్స్, సోలనాయిడ్స్, జీఐ, ఎల్‌ఈడీలకు విడివిడిగా అంకెలుంటాయి. ల్యాంప్స్ 1, జీఐ 3 తో మొదలుపెట్టండి. కంటికి తేడా తెలియదు, పని చాలా తగ్గుతుంది.

తర్వాత డీఎండీ. ఆట తెరిచి ఎఫ్1 నొక్కితే వీపిన్‌మేమ్ ఆప్షన్లు వస్తాయి. యూజ్ ఎక్స్‌టర్నల్ డీఎండీ టిక్కు పెట్టి ఉంటే, పక్కనే ఉన్న షో డీఎండీ విండో టిక్కు తీసేయండి. రెండూ ఉంటే ఒకే బొమ్మను రెండుసార్లు గీస్తుంది. ఒకటి మరోదాని వెనక దాగి ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. డీఎండీ డివైస్ ఐఎన్ఐ ఫైల్‌లో మీ దగ్గర లేని హార్డ్‌వేర్ విభాగాలన్నిట్లో, పిన్‌డీఎండీ, పిక్సెల్‌కేడ్ లాంటివాటిలో, ఎనేబుల్డ్ ఈక్వల్స్ ఫాల్స్ అని మార్చండి. లేకపోతే ప్రతిసారీ పోర్టులన్నీ వెతుకుతూ టేబుల్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

ఇప్పుడు శబ్దం. వీపిన్‌మేమ్‌లో శాంపిల్ రేట్ ఎంతుందో చూసి, విండోస్ సౌండ్ డివైస్ ప్రాపర్టీస్‌లోనూ అదే పెట్టండి. రెండు చోట్లా 48000 పెట్టడం మేలు. సౌండ్ కార్డు ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపేయండి. అప్పటికీ చిటపట పోకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ పది నిమిషాలు నడపండి. ఏ డ్రైవర్ సీపీయూని ఎక్కువసేపు పట్టి ఉంచుతోందో పేరుతో సహా చూపిస్తుంది. తరచుగా దొరికేది వైఫై డ్రైవర్. క్యాబినెట్‌కి ఆడేటప్పుడు నెట్ అవసరం లేదు, వైఫై ఆపేసి ఆడి చూడండి.

మూడోది, 32 బిట్‌లో మూసుకుపోవడం. 32 బిట్ ప్రోగ్రాముకు 64 బిట్ విండోస్ మీద కూడా 4 జీబీ మించి మెమరీ అందదు. 4096 బై 4096 టెక్స్చర్ (వస్తువుల మీద అంటించే బొమ్మ) ఒకటి కంప్రెస్ చేయకుండా 64 ఎంబీ, మిప్‌మ్యాప్‌లతో (దాని చిన్న సైజు నకళ్లు) 85. అదే 8192 అయితే 256, మిప్‌మ్యాప్‌లతో 341. బేక్డ్ టేబుల్స్‌లో ప్రతి దీపానికీ విడి లైట్‌మ్యాప్ (దాని వెలుగు పడే తీరు చూపే టెక్స్చర్) ఉండటంతో ఇలాంటివి గుట్టలుగా ఉంటాయి. అందుకే 64 బిట్‌కి పూర్తిగా మారిపోండి. వీపిన్‌మేమ్‌కి కూడా 64 బిట్ ఫైళ్లుండాలి, సెటప్64 నడిపి రిజిస్టర్ చేయాలి. అది మరిచిపోతే టేబుల్ తెరవగానే వీపిన్‌మేమ్ కంట్రోలర్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. డీఎండీ డివైస్ డీఎల్‌ఎల్‌కి కూడా 64 పేరున్న ఫైలు వేరేగా కావాలి.

జీఐ మారినప్పుడు గడ్డకట్టడం నాలుగో జబ్బు. మీ కార్డు తప్పు నిజంగా ఉన్నది ఇక్కడొక్కచోటే. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి పెట్టి ఆడండి. డెడికేటెడ్ మెమరీ 6 జీబీకి ఆనుకుని, షేర్డ్ మెమరీ పెరుగుతుంటే, టెక్స్చర్లు కార్డులో పట్టక సిస్టమ్ ర్యామ్‌లోకి పొర్లుతున్నాయన్నమాట. జీఐ మారగానే వేరే లైట్‌మ్యాప్‌లు కావాలి, అవి బోర్డుని కార్డుని కలిపే పీసీఐఈ దారిలో రావాలి, ఆ లోపు ఫ్రేము ఆగిపోతుంది. రిజల్యూషన్ తగ్గించినా టెక్స్చర్ సైజు తగ్గదు, అందుకే 1080లో కూడా పోలేదు. వీడియో ఆప్షన్స్‌లో మ్యాక్సిమమ్ టెక్స్చర్ డైమెన్షన్ 4096కి, చాలకపోతే 3072కి దించండి. కంప్రెస్ టెక్స్చర్స్ ఆప్షన్ కూడా ఉంది. మొదటిసారి లోడ్ ఆలస్యమవుతుంది గానీ మెమరీ నాలుగో వంతుకు తగ్గుతుంది. ప్లేఫీల్డ్ మీద అక్షరాలు కాస్త మెత్తబడొచ్చు, 43 అంగుళాల దగ్గర నిలబడి ఆడేటప్పుడు పట్టించుకునేంత కాదు.

బంతి27

డాట్‌మ్యాట్రిక్స్ గారు చెప్పినవన్నీ సరైనవే. విండోస్ 59.94 చూపిస్తోందన్నారు కదా, దాని గురించి ఎవరూ ఎత్తలేదు, అది చిన్న విషయం కాదు.

ముందు లెక్క చూడండి. పిన్‌బాల్ బంతి వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఆర్బిట్‌లో సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ఫిజిక్స్ మిల్లీసెకనుకోసారి లెక్కిస్తుంది కాబట్టి బంతిని 3 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతుంది, దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. కానీ 60 హెర్ట్జ్ టీవీ మీద ప్రతి ఫ్రేముకీ బంతి 5 సెంటీమీటర్లు దూకుతుంది, అంటే తన వ్యాసానికి దాదాపు రెండింతలు. ఒక్క ఫ్రేము తప్పితే 10 సెంటీమీటర్లు. వేరే ఆటల్లో ఒక ఫ్రేము పోతే ఎవరికీ తెలియదు. ఇందులో కన్ను ఆ ఒక్క బంతినే వెంటాడుతూ ఉంటుంది, వెంటనే పట్టేస్తుంది.

ఇప్పుడు వీసింక్ (ఫ్రేములను టీవీ రిఫ్రెష్‌తో జతపరిచేది) ఆపి, ఎఫ్‌పీఎస్ లిమిట్ 60 అని పెట్టారనుకోండి. టీవీ 59.94. రెండింటికీ తేడా సెకనుకు 0.06 ఫ్రేము. దాదాపు ప్రతి 17 సెకన్లకు ఒక ఫ్రేము మిగిలిపోతుంది, అంతవరకూ చిరిగిన గీత ఒకటి తెర మీద మెల్లగా పాకుతూ ఉంటుంది. కారణం తెలియని తడబాటు అని చాలామంది అనేది ఇదే. సింక్రనైజేషన్‌ను వర్టికల్ సింక్‌కి మార్చి, లిమిట్ అంకెను తీసేయండి. లెక్క టీవీయే చూసుకుంటుంది.

వీసింక్ పెడితే ఫ్లిప్పర్ ఆలస్యం అవుతుందనేవాళ్ల మాటలో నిజముంది. కానీ అసలు కారణం క్యూ. డ్రైవర్ ముందే 3 ఫ్రేములు సిద్ధం చేసి ఉంచుకుంటే 60 హెర్ట్జ్‌లో అది 50 మిల్లీసెకన్లు. మ్యాక్సిమమ్ ప్రీరెండర్డ్ ఫ్రేమ్స్ 1 పెట్టండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో విజువల్ పిన్‌బాల్‌కి మాత్రమే లో లేటెన్సీ మోడ్ ఆన్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్‌ని ప్రిఫర్ మ్యాక్సిమమ్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. ఈ రెండోది ఎందుకంటే, తేలికైన టేబుల్ ఆడేటప్పుడు కార్డు తన క్లాక్ దించేసుకుంటుంది, మల్టీబాల్‌లో పని పెరిగినప్పుడు తిరిగి పైకి రావడానికి కొన్ని ఫ్రేములు పడుతుంది.

10.8 వరుసలో డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జీఎల్, బీజీఎఫ్ఎక్స్ అని వేర్వేరు బిల్డ్‌లున్నాయి. బీజీఎఫ్ఎక్స్‌లో గీయడం విడి థ్రెడ్‌లో జరుగుతుంది, ఆలస్యం తగ్గించడానికి నాకు నచ్చిన దారి అదే. పాత టేబుల్స్ అన్నిటికీ కుదురుతుందో లేదో ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్లాలి.

ఫ్రేములకు హద్దు లేకుండా వదిలేస్తే నున్నగా ఉంటుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి. విండోస్‌తో వచ్చిన స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్‌కి మొదట్లో హద్దు లేదు. ప్రాసెసర్లు వేగం పెరిగాక అది సీపీయూని పూర్తిగా తినేసేది. మైక్రోసాఫ్ట్‌లో రేమండ్ చెన్ దాన్ని సెకనుకు 100 ఫ్రేములకు కట్టేశాకే ఆ వాడకం తగ్గింది. మీ పెట్టెలో అయితే అదనపు ఫ్రేములన్నీ వేడిగా మారతాయి, అంతే.

టంకం_రాణిగంజ్

మధ్యాహ్నం ముదరడం గురించి. ఎండాకాలంలో గదిలో 36 ఉంటే, టీవీ, పీసీ, పవర్ సప్లైలు అన్నీ మూసిన పెట్టెలో 46 ఉన్నా ఆశ్చర్యం లేదు. 1660 సూపర్ 83 డిగ్రీల దగ్గరికి రాగానే క్లాక్ తగ్గించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో టూల్‌లో లాగ్ ఆన్ చేసి అరగంట ఆడండి. అందులో జీపీయూ కింద పెర్ఫార్మెన్స్ లిమిట్ థర్మల్ అనే వరసలో యెస్ (అవును) అని కనిపిస్తే ఖాయం.

పెట్టె అడుగున ముందు వైపు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక పైభాగంలో రెండు బయటికి. వేడి గాలి పైకే పోతుంది, దానికి ఎదురుగా పెట్టొద్దు. లోపలికి లాగే ఫ్యాన్లకు సన్న జాలీ ఫిల్టర్ తప్పనిసరి, మన దుమ్ముకి నెలకోసారి దులపాలి. టీవీ వెనక 5 సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలి. ఆఫ్టర్‌బర్నర్ అనే టూల్‌లో కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి దించండి. 125 వాట్ల కార్డు 100 వాట్లకు వస్తుంది, వీసింక్‌తో 60 దగ్గర కట్టేసిన ఆటలో తేడా తెలియదు.

ఇంకొకటి అడగాలి. ఫ్లిప్పర్ నొక్కిన క్షణంలోనే ఎగురుడు వస్తుందా? కాంటాక్టర్లు ఉన్నాయన్నారు. 24 వోల్టుల సప్లై స్విచ్ ఆపేసి ఆడి చూడండి. తేడా వస్తే అది గ్రాఫిక్స్ సంగతి కాదు. కాయిల్ ఆఫ్ అయిన ప్రతిసారీ వెనక్కి తన్నే వోల్టేజీ యూఎస్‌బీ లైన్లను కదిలిస్తుంది. బటన్ల ఎన్‌కోడర్ (బటన్ నొక్కుడును పీసీకి చెప్పే బోర్డు) ఒక్క క్షణం ఊడి మళ్లీ కలుస్తుంది, విండోస్ డివైస్‌ను మళ్లీ గుర్తుపట్టే లోపు ఆట ఆగుతుంది. సౌండ్‌లో టక్కుమన్న చప్పుడు కూడా దీనివల్లే రావచ్చు.

విరుగుడు రూపాయల్లో పని. కోఠి గుజరాతీ గల్లీలో 1ఎన్4007 డయోడ్లు తీసుకుని, ఒక్కో కాయిల్ రెండు టెర్మినళ్ల మధ్య ఒక్కోటి వేయండి. డయోడ్ మీద తెల్ల గీత ఉన్న కొస ప్లస్ వైపు. తిరగేసి వేస్తే సప్లై షార్ట్ అవుతుంది, అందుకే కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో చూసుకోండి. డయోడ్‌ను కాయిల్ దగ్గరే వేయాలి, బోర్డు దగ్గర వేస్తే మధ్యలో ఉన్న తీగంతా యాంటెనా అవుతుంది. 24 వోల్టుల తీగలను యూఎస్‌బీ కేబుళ్లతో కలిపి కట్టకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. యూఎస్‌బీ కేబుల్‌కి ఫెరైట్ రింగు కూడా వేయొచ్చు, కానీ డయోడ్ వేయకుండా రింగు మీద ఆధారపడొద్దు.

లింగంపల్లి_ల్యాప్‌టాప్

మధ్యలో దూరుతున్నా. క్యాబినెట్ కాదు, ల్యాప్‌టాప్‌లో ఆడతాను, విడి కార్డుంది. పిన్‌బాల్ ఎఫ్ఎక్స్‌లో కొత్త టేబుల్ తెరిచిన ప్రతిసారీ మొదటి ఆటలో మాత్రం తడబడుతుంది, రెండో ఆట బాగుంటుంది. విజువల్ పిన్‌బాల్ మాత్రం ఎప్పుడూ మందకొడిగానే ఉంటుంది. ఎందుకు?

బంతి27

ఎఫ్ఎక్స్ నడిచేది అన్‌రియల్ ఇంజిన్ మీద. ఒక ఎఫెక్టు మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు దాని షేడర్ (దాన్ని ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాము) మీ కార్డుకి తగ్గట్టు కంపైల్ అవుతుంది, ఆగేది అందుకే. తయారైంది డిస్కులో నిలవ ఉంటుంది. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే అది చెరిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. ఎన్‌విడియా అయితే షేడర్ క్యాష్ సైజు 10 జీబీ పెట్టండి. రే ట్రేసింగ్ ఆపండి.

విజువల్ పిన్‌బాల్ మందకొడితనం వేరే. అది ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందేమో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ ప్రోగ్రాముని చేర్చి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. 32, 64 బిట్‌లు రెండింటినీ విడిగా చేర్చాలి. చార్జర్ పెట్టి ఆడండి. ఇంకా తగ్గించాలంటే ముందు సూపర్ శాంప్లింగ్ తీసేయండి, తర్వాత స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్, ఆ తర్వాత యాంబియెంట్ అక్లూజన్. బంతి మీది ప్రతిబింబాలు మాత్రం చివరి దాకా ఉంచుకోండి. బంతి దొర్లుతున్నట్టు కంటికి తెలిసేది వాటివల్లే.

ప్లంజర్_నాచారం

చెప్పినవన్నీ చేశాను. బీ2ఎస్ ఈఎక్స్ఈ మోడ్‌కి మార్చగానే స్క్రిప్ట్స్ గరిష్ఠం 6 దగ్గరికి వచ్చింది, మెడీవల్ మ్యాడ్‌నెస్ ఇప్పుడు ఫాస్ట్ డ్రా లాగే సాగుతోంది. డీఎండీ నిజంగానే రెండు ఉన్నాయి, ఒకటి తీసేశాను. చిటపటకి కారణం వైఫై డ్రైవరే. డయోడ్లు వేశాక ఫ్లిప్పర్ దగ్గర ఆగడం కూడా పోయింది, అది వేరే సమస్య అని టంకం అన్న చెప్పేదాకా తట్టలేదు. ర్యామ్ రెండు స్టిక్కులు చేశాను.

బేక్డ్ టేబుల్స్ 3072కి దించితే ఆగడం లేదు. కానీ వాటిని పూర్తి టెక్స్చర్లతోనే చూడాలని ఉంది. ఆ ఒక్కదానికి కార్డు మార్చాలంటే 4060 సరైనదేనా?

డాట్‌మ్యాట్రిక్స్128

మీ అవసరానికి కాదు. 4060లో 8 జీబీ, అంటే మీకు పెరిగేది 2 జీబీనే. పైగా అది పీసీఐఈ 8 లేన్ల కార్డు, మీ బి450 బోర్డు మూడో తరం వేగానికే పరిమితం. మెమరీ పొర్లిన రోజు దారి ఇంకా ఇరుకవుతుంది. బేక్డ్ టేబుల్స్ కోసమే అయితే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ చూడండి. 16 లేన్లు వాడుకుంటుంది. దాని వాడకం 170 వాట్లు, మీ ఎస్‌ఎంపీఎస్‌లో (పీసీ పవర్ సప్లై) 8 పిన్నుల తీగ ఉందో లేదో, పెట్టెలో ఆ వేడికి చోటుందో లేదో ముందు చూసుకోండి.

సీటీసీలో సెకండ్ హ్యాండ్ తీసుకుంటే ఒక జాగ్రత్త. 3060 పేరుతోనే 8 జీబీ రకం కూడా ఉంది, దాని మెమరీ బస్ 128 బిట్. 12 జీబీది 192 బిట్. డబ్బా చూసి నమ్మకుండా, షాపులోనే కార్డు పెట్టించి జీపీయూ-జెడ్ అనే టూల్ తెరిచి మెమరీ సైజు, బస్ విడ్త్ రెండూ చదవండి. పావుగంట లోడ్ మీద నడిపించి ఫ్యాన్ చప్పుడు, ఉష్ణోగ్రత గమనించండి. బిల్లు మీద 12 జీబీ అని రాయించుకోండి.